చేతి స్కానర్ – వినేవారి మర్యాద



మన తరం వారికి రేడియో లైసెన్సు గుర్తుండే ఉంటుంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం ఇంట్లో రేడియో ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకంలో స్టాంపులు వేయించుకునేవాళ్లం. 1980లలో ఆ బాధ తప్పింది. అమెరికాలో శ్రోతలకు ఇటువంటి లైసెన్సు లేదు. అందువల్లనే పోలీసుల వైర్‌లెస్ వినడం అక్కడ సామాన్యులకు సరదా అయింది. చేతిలో ఇమిడే స్కానర్ పుట్టుకకు మూలం అదే.

1928లో డెట్రాయిట్ నగర పోలీసులు కార్లలో రేడియోలు పెట్టి క్రమం తప్పకుండా వార్తలు పంపసాగారు. కారులోని వారు వినగలరే గాని బదులు చెప్పలేరు. జవాబివ్వాలంటే దిగి టెలిఫోను వెతుక్కోవలసిందే. ఆ ప్రసారాలు మామూలు రేడియో స్టేషన్ల పక్కనే వచ్చేవి గనుక ఇళ్లలోని వారూ వినేవారు.

1934లో అమెరికా కమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అనుమతి లేకుండా పట్టుకున్న రేడియో సందేశాన్ని ఇతరులకు వెల్లడించరాదని అందులో ఒక సెక్షన్ పెట్టారు. చెవిని అదుపు చేయడం ఎలాగూ సాధ్యం కాదు గనుక నోటికి హద్దు పెట్టారన్నమాట.

1960ల చివర స్కానర్లు బజారులోకి వచ్చాయి. మొదట్లో ఒక్కొక్క ఫ్రీక్వెన్సీకి ఒక్కొక్క స్ఫటికం కొని బిగించవలసి వచ్చేది. తరువాత మైక్రోప్రాసెసర్ వచ్చి, మీటలు నొక్కి అంకెలు ఎక్కిస్తే చాలునన్నంత సులువైంది. యంత్రం వరుసగా ఛానళ్లన్నీ తడుముతూ, మాట వినబడిన చోట ఆగి, అది ముగియగానే ముందుకు సాగుతుంది. స్క్వెల్చ్ అనే మీటను తగినంత తిప్పితే, మాటలు లేనప్పుడు వచ్చే బుస శబ్దం అణిగిపోతుంది. మరీ ఎక్కువ తిప్పితే బలహీనమైన గొంతులు కూడా వినబడవు.

సెల్‌ఫోన్లు వచ్చాక చిక్కు ముదిరింది. ఆనాటి ఫోన్ల సంభాషణలు స్కానర్లకు ఇట్టే చిక్కేవి. 1986లో వాటిని వినడమే నేరమన్నారు. 1994 ఏప్రిల్ నుంచి ఆ ఫ్రీక్వెన్సీలు అందుకునే స్కానర్ల తయారీని, దిగుమతిని నిషేధించారు. అయినా 1996 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక దంపతులు ప్రతినిధుల సభ నాయకుల ఫోన్ సంభాషణను స్కానర్‌తో పట్టి టేపు చేశారు. అది పత్రికల కెక్కింది. ఆ దంపతులకు ఒక్కొక్కరికి 500 డాలర్ల జరిమానా పడింది. టేపును పత్రికలకు అందించిన సభ్యుడు జిమ్ మెక్‌డెర్మాట్ పదేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగి, 2008లో పది లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. విన్నదాని కన్నా వెల్లడించినదానికే ఎక్కువ మూల్యం!

ఇప్పుడు అనేక నగరాల పోలీసులు తమ మాటలను సంకేతాలుగా మార్చి పంపుతున్నారు. న్యూయార్క్ పోలీసులు 2023లో ఆ పని మొదలుపెట్టారు. నేరస్థులు వినకూడదని పోలీసులు అంటారు. మంచికి, చెడుకు పోలీసులు ఏం చేస్తున్నదీ ప్రజలకు తెలియాలని పత్రికలవారు అంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది.

మనమందరం కాన్ఫిడెన్షియల్ ఫైళ్లు చూసినవాళ్లమే. సెక్షన్‌లో చూసినది సెక్షన్‌లోనే వదిలి ఇంటికి వచ్చేవాళ్లం. 1934 చట్టం కోరినదీ ఆ మర్యాదనే. అమెరికాలో పిల్లలున్నవారు ఒక సంగతి వారికి చెప్పండి: కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ వాడకంపై ఆంక్షలున్నాయి. మన దేశంలోనైతే అనుమతి లేకుండా ఇటువంటి యంత్రం వాడరాదు.