లోకాయుక్త అధికార పరిధి: పేదల ఇళ్ల ఫిర్యాదులు

1. పరిచయం

విద్యార్థులారా! మీ ఊరిలో ఎవరికైనా ప్రభుత్వ పథకం కింద కట్టుకుంటున్న ఇంటి బిల్లు ఆగిపోతే ముందు హౌసింగ్ ఏఈని కలుస్తారు. తర్వాత సోమవారం నాడు అర్జీ పట్టుకొని కలెక్టరేట్‌కు వెళతారు. అక్కడా పని కాకపోతే "లోకాయుక్తకు రాయండి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఈ సలహా ఎప్పుడు పనికివస్తుంది, ఎప్పుడు పనికిరాదు? దీనికి సమాధానం 1983 నాటి చట్టంలోని ఒక నిర్వచనంలో ఉంది. ఆ నిర్వచనం ఎలా వచ్చిందో, దాని ఫలితాలేమిటో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. చారిత్రక నేపథ్యం

పాలనాయంత్రాంగంపై పౌరుల ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే 'అంబుడ్స్‌మన్' వ్యవస్థ 1809లో స్వీడన్‌లో రూపుదిద్దుకొంది. మన దేశంలో మొరార్జీ దేశాయ్ అధ్యక్షతన ఏర్పడిన మొదటి పాలనా సంస్కరణల సంఘం 1966లో లోక్‌పాల్, లోకాయుక్త పదవులను సిఫార్సు చేసింది. 1971 నాటి చట్టంతో మహారాష్ట్రలో తొలి లోకాయుక్త ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో లోకాయుక్త, ఉప లోకాయుక్త చట్టాన్ని తెచ్చింది. అది ఆ ఏడాది నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది.

పేదల ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అంతకుముందే, 1979లో ఏర్పడింది. తర్వాతి దశాబ్దాలలో ఇళ్ల పథకాలు విస్తరించాయి. లబ్ధిదారుల జాబితా, స్థలం, బిల్లు, తాళంచెవి అన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండటంతో ఫిర్యాదులకూ అవకాశం పెరిగింది.

3. 'ఆరోపణ', 'ఇబ్బంది'

మహారాష్ట్ర చట్టం రెండు రకాల ఫిర్యాదులను స్వీకరిస్తుంది. మొదటిది అవినీతి, అధికార దుర్వినియోగాలకు సంబంధించిన 'ఆరోపణ'. రెండవది పాలనా లోపం వల్ల పౌరుడికి కలిగిన 'ఇబ్బంది'. ఆంధ్రప్రదేశ్ చట్టం ఆరోపణకు మాత్రమే పరిమితమైంది. అధికారి లాభం కోసం పదవిని వాడుకున్నాడనో, దురుద్దేశంతో వ్యవహరించాడనో, అవినీతికి పాల్పడ్డాడనో ఫిర్యాదులో ఉండాలి. పని చేయకపోవడం కూడా 'చర్య' కిందికే వస్తుంది. అయితే ఆ జాప్యం వెనుక ఇటువంటి ఆరోపణ ఉన్నప్పుడే విచారణకు వీలుంటుంది.

4. రెండు ఊహాత్మక ఉదాహరణలు

ఆళ్లగడ్డ మండలంలో ఒక మహిళ పునాది వరకు ఇల్లు కట్టుకుందని అనుకుందాం. బిల్లు రాయడానికి ఒక ఉద్యోగి లంచం అడిగాడు. ఇది స్పష్టంగా ఆరోపణే. ఆమె ప్రమాణపత్రంతో లోకాయుక్తను ఆశ్రయించవచ్చు.

నంద్యాలలో ఒక కుటుంబానికి బహుళ అంతస్తుల సముదాయంలో ఫ్లాటు మంజూరైందని అనుకుందాం. గోడలు చెమ్మగిల్లుతున్నాయి, నీళ్లు రావడం లేదు, బ్యాంకు మాత్రం వాయిదా కట్టమంటోంది. వీరి కష్టం మొదటి ఉదాహరణకంటే తక్కువది కాదు. కాని ఇందులో ఏ అధికారి దురుద్దేశమూ కనబడదు. గుత్తేదారు ప్రభుత్వోద్యోగి కాదు. బ్యాంకు రాష్ట్ర లోకాయుక్త పరిధిలోకి రాదు. అందువల్ల చట్టం ప్రకారం వీరి ఫిర్యాదు గడప దగ్గరే ఆగిపోవచ్చు.

ఇంగ్లండులో ఇటువంటి ఫిర్యాదులకు ప్రత్యేకంగా హౌసింగ్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 1996 గృహనిర్మాణ చట్టం ఆ వ్యవస్థకు చట్టబద్ధత కల్పించింది. చెమ్మ, మరమ్మతు వంటి విషయాలు అక్కడ నేరుగా విచారణకు వస్తాయి. అయినా దానికీ హద్దులున్నాయి. సభ్యత్వం లేని ప్రైవేటు యజమానులపై అది విచారణ జరపలేదు.

5. ఇతర పరిమితులు

(అ) సంఘటన జరిగిన ఆరేళ్ల తర్వాత చేసిన ఫిర్యాదును లోకాయుక్త విచారించరాదు. ఇల్లు పూర్తికావడానికే ఏళ్లు పట్టే పథకాలలో ఇది చిన్న విషయం కాదు.

(ఆ) కేంద్ర ప్రభుత్వ అధికారులు ఆయన పరిధిలో లేరు. కేంద్ర, రాష్ట్ర నిధులు కలిసిన పథకంలో బాధ్యత ఎవరిదో తేల్చడమే కష్టమవుతుంది.

(ఇ) లోకాయుక్త ఇచ్చేది తీర్పు కాదు, సిఫార్సు. సంబంధిత అధికారి తీసుకున్న చర్యను తెలియజేయాలి. అది సంతృప్తికరంగా లేకపోతే లోకాయుక్త గవర్నరుకు ప్రత్యేక నివేదిక పంపగలరు.

(ఈ) పదవి ఖాళీగా ఉంటే హక్కు కాగితంపైనే మిగులుతుంది. రాష్ట్ర విభజన తర్వాత కొంతకాలం ఆ పదవి భర్తీ కాలేదు. 2019లో జస్టిస్ పి. లక్ష్మణరెడ్డి నియమితులయ్యారు. 2021లో కార్యాలయం కర్నూలుకు రావడంతో నంద్యాల ప్రజలకు అది సుమారు 70 కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. దూరం తగ్గింది గాని నిర్వచనం మారలేదు.

6. సారాంశం

1983 చట్టం అవినీతిని ఎదుర్కొనే సాధనంగా రూపొందింది, పాలనా లోపాన్ని సరిదిద్దే సాధనంగా కాదు. కాబట్టి మీ పొరుగువారికి అర్జీ రాసిపెట్టేటప్పుడు ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఆరోపణా, ఇబ్బందా? ఆరోపణ అయితే ఆరేళ్లలోపు లోకాయుక్తకు రాయాలి. ఇబ్బంది అయితే కలెక్టరేట్ అర్జీ, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, అవసరమైతే న్యాయస్థానం మార్గాలవుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ చట్టాల మధ్య ప్రధాన భేదమేమిటి?
2. నంద్యాల ఉదాహరణలోని కుటుంబానికి లోకాయుక్త వల్ల ఉపశమనం కలగాలంటే చట్టంలో ఏ మార్పు అవసరం? మీ అభిప్రాయం రాయండి.