పొద బీన్స్ చరిత్ర నేర్పే ఆరోగ్యపాఠం

చిక్కుడు, గోరుచిక్కుడు, అనుములు అంటూ మన కాయలకు చక్కని పేర్లున్న భాషలో ‘బీన్స్’ మాత్రం ఇంగ్లీషు పేరుతోనే మిగిలిపోయింది. అది పరదేశం నుంచి వచ్చిన పంట కావడమే దానికి కారణం. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో ప్రాంతంలోను, దక్షిణాన ఆండీస్ పర్వతసానువులలోను అక్కడి ఆదిమవాసులు దీనిని వేర్వేరుగా సాగులోకి తెచ్చారు. 1492 తరువాతనే ఇది సముద్రాలు దాటింది. మనం కూర వండుకొనే లేత కాయ, ఉత్తరాదివారి రాజ్మా గింజ ఒకే జాతికి చెందినవి.

అడవిలో ఇది తీగ మొక్క. ఉత్తర అమెరికాలోని ఇరాక్వా ప్రజలు దీనిని మొక్కజొన్న పక్కన నాటి, ఆ కాడ మీదికే పాకించేవారు. మొక్కజొన్న మాంసకృత్తులలో కొరవడిన లైసిన్‌ను బీన్స్ గింజ పూరించేది. మన అన్నం, పప్పు జోడీలోని ధర్మమూ అదే.

కొమ్మ కొస చివరకు పూమొగ్గగా మారి ఎదుగుదల ఆగిపోయే మొక్కలను రైతులు ఏరి పెంచగా పొద బీన్స్ రూపొందింది. రెండడుగులకు మించని ఆ మొక్కకు పందిరి అక్కరలేదు. కాయ అంచున ఉండే పీచును తొలగించే పనిని అమెరికాలో కాల్విన్ కీనీ సాధించాడు. ఆయన రూపొందించిన పీచులేని పొద రకాన్ని బర్పీ విత్తన సంస్థ 1894లో విడుదల చేసింది.

అయితే పొద రకానికి ఒక స్వభావమున్నది. విత్తిన 50–60 రోజులకు కాపు మొదలై, రెండు మూడు వారాలలో కాయలన్నీ ఒక్కుమ్మడిగా వస్తాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943 నాటికి, అమెరికాలో సుమారు 2 కోట్ల పెరటితోటలు వెలిశాయని అంచనా. మిగిలిన కూరగాయలను గృహిణులు సీసాలలో మూసి నిల్వచేసుకొనేవారు. బీన్స్ విషయంలో ప్రమాదం పొంచి ఉన్నది అక్కడే.

1895లో బెల్జియంలో నిల్వ ఉంచిన పందిమాంసం తిని కొందరు వాద్యకారులు జబ్బుపడగా, వాన్ ఎర్మెంగెం అనే శాస్త్రవేత్త బొటులిజం వ్యాధిని కలిగించే క్రిమిని కనుగొన్నాడు. మట్టిలో ఉండే ఈ క్రిమి గట్టి పెంకు గల స్పోర్ల రూపంలో మరుగునీటిని తట్టుకొంటుంది. గాలి చొరని సీసాలో, పులుపులేని ఆహారంలో, అది మొలకెత్తి విషాన్ని తయారుచేస్తుంది. కనురెప్పలు వాలిపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, ఆపై ఊపిరి కండరాలు చచ్చుబడడం దాని లక్షణాలు. ఆ స్పోర్లను చంపడానికి 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎంతసేపు వేడిచేయాలో 1922లో ఎస్టీ, మేయర్ లెక్కగట్టారు. ఆవిరి ఒత్తిడి లేనిదే ఆ వేడి అందదు. మన ఆవకాయకు ఉప్పు, పులుపు కాపుదల. బీన్సుకు ఆ రక్ష లేదు.

మన మైదానాలలో వానలు తగ్గి చలి మొదలయ్యే వేళ విత్తుకోవాలి. ఎండ ముదిరితే పూత రాలిపోతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క కోమల్ వంటి పొద రకం మిద్దె మీది కుండీలలోనూ కాస్తుంది. కాపు ఎక్కువైతే ఇరుగుపొరుగుకు పంచండి. లేదా రెండు మూడు నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఫ్రీజర్‌లో ఉంచండి. ఇంట్లో కేవలం మరిగించి సీసాలో బిగించి దాచవద్దు. అమెరికాలో స్థిరపడి వేసవిలో పెరడు పెంచే మన పిల్లలకూ ఈ మాట చెప్పండి.

కాయ ముదిరి గింజ కట్టితే రాజ్మాకు పాటించే జాగ్రత్తలే దీనికీ వర్తిస్తాయి. పచ్చిగింజలోని లెక్టిన్ తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో 10 నిమిషాలు తెర్లించి, తరువాత మెత్తగా ఉడికించాలి. మనిషి ఈ మొక్క పాకుడు మాన్పాడు, పీచు తీశాడు. గింజలోని విషాన్ని అణచే పని మాత్రం నేటికీ పొయ్యిదే.