ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ఒక పాత ఆట, దాని పునర్నిర్మాణాలు

రీమేక్ అనే మాట తెలుగు పాఠకులకు సినిమాల ద్వారా సుపరిచితం. ఒక భాషలో వచ్చిన కథను మరో భాషలో, వేరే నటులతో తీయడం అక్కడ దాని అర్థం. వీడియో గేముల రంగంలో అర్థం కొంత వేరు. కథ, పాత్రలు సాధారణంగా అవే ఉంటాయి. వాటిని నడిపించే ప్రోగ్రామ్, బొమ్మలు, కదలికలు మారతాయి. పాత ప్రోగ్రామ్‌ను మరో యంత్రంపై పనిచేసేలా సవరిస్తే దానిని పోర్ట్ అంటారు. దృశ్యాన్నీ ధ్వనినీ మెరుగుపరిస్తే రీమాస్టర్. ఆటను పునాది నుంచి తిరిగి నిర్మిస్తేనే రీమేక్. ఈ హద్దులను ప్రచురణ సంస్థలు తమ అవసరాన్ని బట్టి జరుపుతుంటాయన్నది వేరే విషయం.

ఈ తేడాలన్నింటికీ ఒకేచోట ఉదాహరణలు దొరికే ఆట ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. అమెరికాకు చెందిన జోర్డాన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రూపొందించిన ఈ ఆటను బ్రోడర్‌బండ్ సంస్థ 1989లో విడుదల చేసింది. చెరసాల నుంచి తప్పించుకున్న యువకుడు 60 నిమిషాల్లో 12 అంచెలు దాటి, మంత్రి జాఫర్ బారి నుంచి రాకుమారిని కాపాడాలి. కథ ఇంతే. ఆటకు పేరు తెచ్చింది కథానాయకుడి కదలిక. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేమ్‌ను బొమ్మగా మార్చారు. రోటోస్కోపింగ్ అనే ఈ పద్ధతి వల్ల ఆ చిన్న బొమ్మకు మనిషి బరువు వచ్చింది. పరుగెత్తేవాడు ఉన్నపళంగా ఆగలేడు, ఒక అడుగు జారతాడు. తప్పిన అడుగుకు శిక్ష మరణమే.

ఆపిల్ 2లో జ్ఞాపకశక్తి చాలా తక్కువ. ప్రత్యర్థి కోసం కొత్త బొమ్మలు గీసినా దాచే చోటు లేదు. అందుకే మెక్నర్ నాయకుడి బొమ్మలనే మార్చి చూపి ఒక నీడమనిషిని సృష్టించారు. అద్దం నుంచి బయటకు దూకే ఈ నీడను కత్తితో పొడిస్తే గాయం నాయకుడికే తగులుతుంది. కత్తిని ఒరలో పెట్టినప్పుడే ఇద్దరూ ఒక్కటవుతారు. ఈ ఆటలో అత్యుత్తమ ఘట్టం చోటు చాలకపోవడం వల్ల పుట్టింది. ఏ కొరతా లేని యంత్రాలపై దీన్ని తిరిగి కట్టేవారికి ఎదురయ్యే అసలు చిక్కు కూడా ఇదే.

1992లో సూపర్ నింటెండో కోసం వచ్చిన రూపంలో అంచెలు 20కి, గడువు రెండు గంటలకు పెరిగాయి. 2007లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్’ పాత కోట అమరికను చాలావరకు నిలిపి, బొమ్మలను పూర్తిగా మార్చింది. కొత్త విన్యాసాలు చేర్చడంతో ఆట సులువైంది, పాత బిగువు కొంత సడలింది.

ఈ మధ్యలో, 2003లో, యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో ‘ది సాండ్స్ ఆఫ్ టైమ్’తో యువరాజును త్రిమితీయ లోకంలోకి తెచ్చింది. రచనలో మెక్నర్ పాలుపంచుకున్నారు. బాకులోని ఇసుకతో కాలాన్ని కొన్ని క్షణాలు వెనక్కి తిప్పవచ్చు. మొదటి ఆట క్షమించని పొరపాటును ఇది దిద్దుకోనిచ్చింది.

భారత్‌కు సంబంధించిన అధ్యాయం ఇక్కడే మొదలవుతుంది. ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్‌ను పుణె, ముంబయి స్టూడియోలు నిర్మిస్తున్నాయని యూబీసాఫ్ట్ 2020 సెప్టెంబరులో ప్రకటించింది. ఎక్కువగా సహాయక పనులకే పరిమితమయ్యే మన స్టూడియోలకు ఇంత పేరున్న ఆటను నడిపించే బాధ్యత దక్కడం అరుదు. అయితే తొలి ట్రైలర్‌లోని బొమ్మలు కాలం చెల్లినట్లున్నాయని అభిమానులు పెదవి విరిచారు. 2021 జనవరిలో రావాల్సిన ఆట మార్చికి, ఆపై నిరవధికంగా వాయిదా పడింది. 2022 మేలో పనిని మాంట్రియల్‌కు బదిలీ చేశారు. చివరికి 2026 జనవరిలో సంస్థ పునర్‌వ్యవస్థీకరణలో భాగంగా ప్రాజెక్టే రద్దయింది. ఒక్క ట్రైలర్ చూసి పుణె, ముంబయి బృందాల పనిని తేల్చేయడం తొందరపాటే. మాతృ స్టూడియో చేతికి వెళ్లాక కూడా ఆట పూర్తికాలేదు.

మూల ఆట మాత్రం మరో దారిలో నిలిచింది. పోయిందనుకున్న ఆపిల్ 2 సోర్స్ కోడ్ ఉన్న ఫ్లాపీలు 2012లో మెక్నర్ తండ్రి ఫ్రాన్సిస్ వద్ద ఒక పెట్టెలో దొరికాయి. ఆటకు సంగీతం సమకూర్చింది కూడా ఆయనే. నిపుణుల సాయంతో ఆ డిస్కులను చదివించి, మెక్నర్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచారు. డాస్ రూపాన్ని విడదీసి పరిశీలించిన ఔత్సాహికులు విడిగా తయారుచేసిన ఉచిత పోర్ట్ నేటి కంప్యూటర్లపై నడుస్తోంది. అందులోనూ గడువు 60 నిమిషాలే.