పోర్టబుల్ కామన్ టూల్ ఎన్విరాన్‌మెంట్

సాఫ్ట్‌వేర్ తయారీ పరికరాలు ఏ కంప్యూటర్ మీదైనా పనిచేయడానికి ఐరోపాలో రూపొందిన బహిరంగ ప్రమాణం ఇది. పొట్టిగా పీసీటీఈ అంటారు. 1980లలో కంపైలర్, డిజైన్ ఎడిటర్ వంటి పరికరాలను ఒక యంత్రానికి రాస్తే మరో యంత్రానికి మార్చడం తలకు మించిన పని. ఒక పరికరం దాచుకున్న సమాచారం ఇంకొకదానికి అర్థమయ్యేది కాదు. ఈ చిక్కు విప్పడానికి ఎస్‌ప్రి అనే ఐరోపా పరిశోధన కార్యక్రమం కింద బుల్, జీఈసీ, ఐసీఎల్, నిక్స్‌డార్ఫ్, ఒలివెట్టి, సీమెన్స్ చేతులు కలిపాయి. మార్కెట్లో పోటీపడే సంస్థలు ఒకే ఇంటర్‌ఫేస్‌కు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

దీని గుండెకాయ ఆబ్జెక్ట్ బేస్. సోర్స్ కోడ్, డిజైన్ పత్రాలు, పరీక్ష ఫలితాలు విడివిడి ఫైళ్లుగా కాక, లింకులతో ముడిపడిన ఆబ్జెక్టులుగా ఉంటాయి. ప్రతి పరికరం తన స్కీమా (సమాచార నిర్మాణ వర్ణన) ద్వారానే వాటిని చూస్తుంది. ఒకే మాడ్యూల్‌లో కంపైలర్‌కు సోర్స్ పాఠమూ, అది ఆధారపడే మాడ్యూళ్లకు లింకులూ కనిపిస్తే, ప్రాజెక్టు నిర్వహణ పరికరానికి బాధ్యుడి పేరూ, గడువూ కనిపిస్తాయి. కొత్త పరికరం వచ్చి కొత్త లక్షణాలు జోడించినా పాతవి చెక్కుచెదరవు. పీసీటీఈలోని అసలైన మేధస్సు ఇక్కడే ఉంది.

1990లో ప్రమాణాల సంస్థ ఎక్మా దీన్ని ఎక్మా-149గా ప్రకటించింది. 1995లో ఇది ఐఎస్ఓ/ఐఈసీ 13719 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. సీ, అడా భాషలకు బైండింగులు వచ్చాయి. అయినా వాడుక విస్తరించలేదు. ప్రమాణం మరీ పెద్దది. పరికరాలను దానికి తగ్గట్టు తిరగరాయాల్సి రావడం తయారీదారులకు భారమైంది.

పరికరాలను కలిపే ఇలాంటి చిక్కుకే 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ ముందుకు తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మాత్రం పీసీటీఈలా ఉమ్మడి డేటాబేస్ జోలికి పోలేదు. ఎడిటర్‌కూ భాషా సర్వర్‌కూ మధ్య నడిచే సందేశాలను మాత్రమే నిర్దేశించి విస్తృత ఆదరణ పొందింది.