బాలల మౌనము

మన సంస్కరణోద్యమ చరిత్రలో బాలికల వయస్సును గూర్చిన వాదము విశేషముగా జరిగినది. బాలల మనస్సును గూర్చిన విచారము మాత్రము చాలకాలము జరుగలేదు. ఈ లోపమును చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగర ప్రభువు ఆనందగజపతివారు లెక్కింపించిరి. 1034 వివాహములు తేలెననియు, వానిలో 99 మంది వధువులు ఐదేండ్లవారనియు, ముగ్గురు ఏడాది పిల్లలనియు గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కము పీఠికలో తెలిపిరి. 1860 నాటి శిక్షాస్మృతి పదేండ్లు నిండిన భార్యను బలాత్కరించిన భర్తను ఆ నేరమునకు శిక్షింపదయ్యెను. కలకత్తాలో ఫూల్మణి యను బాలిక భర్తచేతిలో ప్రాణములు గోల్పోయిన పిమ్మట, 1891లో ఆ వయస్సు పండ్రెండుకు పెరిగెను. నాడు నిజాము రాజ్యములోనున్న మా చందానగరు ప్రాంతమునకు ఆ శాసనము వర్తింపలేదు. వర్తించినచోటను అది శరీరముమీది గాయమునే చూచెను గాని, చావక బ్రతికి భయముతో పెరిగిన బిడ్డల బాధను విచారింపలేదు.

విద్వాంసులును ఈ విషయమున చాలకాలము తడబడిరి. తన రోగుల వేదనకు మూలము బాల్యమున జరిగిన అత్యాచారమని 1896లో చెప్పిన ఫ్రాయిడు, మరుసటి యేడే ఆ సిద్ధాంతమును విడిచెను. 1932లో ఫెరెంట్సి మరల చెప్పగా తోడి పండితులు విననొల్లరైరి. తుదకు 1985లో ఫింకెల్‌హార్, బ్రౌన్ అను అమెరికా పరిశోధకులు ఈ గాయమును నాలుగు విధములుగా వివరించిరి: వయస్సునకు తగని కామభావము మనస్సున నాటుకొనుట, నమ్మినవాడే ద్రోహము చేయుట, తనను తాను కాపాడుకొనలేనను నిస్సహాయత, తానే దోషినను సిగ్గు. నిద్రలో ఉలికిపడుట, పక్క తడుపుట, ఒక బంధువును చూడగనే దాగుట, చదువున వెనుకబడుట, కారణము తోచని కోపము — ఇవి కొందరిలో కానవచ్చును. కొందరిలో ఏ గుర్తును కానరాదు. కావున గుర్తులనుబట్టియే తీర్పు చెప్పరాదు. మెల్లగా అడిగి, ఓపికతో వినవలెను.

1991లో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో, పెండ్లి పేర ఒక సౌదీ వృద్ధుడు గొనిపోవుచున్న పదేండ్ల బాలిక యేడ్చుచుండెను. ఏల యేడ్చుచున్నావని విమాన పరిచారిక యడిగెను. ఆ ప్రశ్నయే ఆ బిడ్డకు రక్షణ మార్గమయ్యెను.

2007లో ప్రకటింపబడిన కేంద్రప్రభుత్వ నివేదికలో, ప్రశ్నింపబడిన బాలలలో నూటికి 53 మందికి పైగా ఏదో యొక రూపమున లైంగిక హింసకు గురియైనట్లు చెప్పిరి. వారిలో బాలురును గలరు. దోషులలో సగముమంది బిడ్డకు తెలిసినవారే. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బాలబాలికలనందరిని కాపాడుచున్నది. బిడ్డ వాఙ్మూలమును ఇంటియొద్దగాని, బిడ్డ కోరిన చోటగాని, పోలీసు దుస్తులు ధరింపక వ్రాసికొనవలెనని విధించినది. హైదరాబాదులో 2016లో భరోసా కేంద్రమును, 2018లో బాలలకనువైన న్యాయస్థానమును ఏర్పడినవి.

అయినను చాలమారు చట్టము బిడ్డ నోరు విప్పిన తరువాతనే పనిచేయగలదు. ఆ బిడ్డ మొదట చెప్పునది తల్లితోనో, అమ్మమ్మతోనో, ఉపాధ్యాయునితోనో. అప్పుడు కుటుంబ గౌరవము పేర నోరు మూయించినచో, మొదటి ద్రోహమునకు రెండవ ద్రోహము తోడగును. “నీ తప్పు లేదు, చెప్పి మంచిపని చేసితివి” యని అక్కున జేర్చుకొన్నచో, గాయము మానుట యానాడే మొదలగును. గౌరవమును కాపాడదలచిన గృహస్థులు ముందుగా బిడ్డను కాపాడుదురుగాక.