చేదు బెరడు చెప్పిన లెక్క

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న మన సిరొంచకు చలిజ్వరం కొత్త కాదు. 1860లో నిజాం నుంచి ఈ ఎడమగట్టు ఆంగ్లేయుల వశమై, సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. సుమారు ఆ రోజుల్లోనే దక్షిణ అమెరికా సింకోనా మొక్కలు నీలగిరులకు చేరాయి. ఆ బెరడులోని క్వినైన్‌ను 1820లోనే ఫ్రాన్సులో పెల్టియే, కవంతూ వేరుచేశారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో చూసింది 1897లో. అంటే దోమ గుట్టు తెలియడానికి 77 ఏళ్ల ముందే మందు చేతికొచ్చిందన్నమాట!

క్వినైన్ బాటనే పట్టి 1934లో జర్మనీలో క్లోరోక్విన్ తయారుచేశారు. మా తరంలో ఆ చేదుమాత్ర మింగనివారు ఈ ప్రాంతంలో అరుదు. కోతి మూత్రపిండాల కణాల్లో అది సార్స్ కరోనా వైరస్‌ను అడ్డుకుందని 2005లో తేలింది. అందుకే 2020 మార్చిలో దాని తోబుట్టువైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను భారత వైద్య పరిశోధన మండలి ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా సూచించింది.

తీరా బ్రిటన్ ఆసుపత్రుల్లో వేలమంది రోగులపై పరీక్షిస్తే, 28 రోజుల్లో మరణాలు మందు వాడినవారిలో 27 శాతం, వాడనివారిలో 25 శాతం. ఎందుకిలా? కోతి కణంలోకి వైరస్ ఆమ్లపు సంచి గుండా పోతుంది. ఈ మందు ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మన ఊపిరితిత్తుల కణంలోకి మాత్రం పైపొర వద్దనున్న మరో ఎంజైము సాయంతో నేరుగా చొరబడుతుంది. మందు కాపలా ఉన్నది ఒక గుమ్మం దగ్గర, దొంగ వచ్చింది మరో గుమ్మం గుండా.

నేను వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. రావలసిన సొమ్మును చేతికందిన సొమ్ముగా రాయకూడదన్నది మాకు మొదటి పాఠం. గాజుగొట్టంలో గెలుపు రావలసిన బాకీ వంటిది. రోగి లేచి కూర్చుంటేనే జమ.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం వేలాదిగా చేరారు. కంటిచుక్కలు మినహా మిగతా మందులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. అయితే హాని లేదనడం వేరు, నయం చేస్తుందనడం వేరు. ఆపదలో ఉన్నవారికి ఆ తేడా చెప్పేదెవరు?

అలాగని చెట్టుమందును తీసిపారేయనక్కరలేదు. ప్రాచీన చైనా వైద్యగ్రంథం ఆధారంగానే తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు సాధించి, 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆమె పాత మాటను నమ్మారు, పరీక్షకూ పెట్టారు. మన అడవిలో నేలవేము, తిప్పతీగె ఉన్నాయి. వాటి వాడుక ఎరిగిన తెలుగు, గోండు పెద్దలున్నారు. ఆ మాటలు రాసిపెట్టి పరీక్షకు పంపడమే వారికి మనమిచ్చే గౌరవం.