గ్లాసిస్: ఒక వాలునేల కథ

నేల వాలును తెలుపుటకు మన భాషలో మాటలకు కొదువ లేదు. వాలు, ఏటవాలు, పల్లము, చరియ - తన చేనిలో నీరు ఎటు పారునో చూచి రైతు వీనిలో తగిన మాటను వాడును. ఆంగ్లమునను ఇట్టి పదములు పెక్కు కలవు. వానిలో అరుదుగా వినవచ్చు పదమొకటి ‘గ్లాసిస్’. నిఘంటువు తెరచినచో ‘మెల్లగా దిగు వాలునేల’ అని అర్థము కనబడును. కాని ఆ పదమునకు పేరు తెచ్చిన వాలు వాన కోసినది కాదు, ఏరు ఒరసినది కాదు. మనుష్యుడు లెక్కకట్టి తీర్చినది.

ఈ మాట పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి నుండి ఆంగ్లమునకు వచ్చినది. జారుట అను అర్థముగల ప్రాచీన ఫ్రెంచి క్రియ దీనికి మూలము. మంచుగడ్డను తెలుపు మాటతో దానికి చుట్టరికము. మొదట వాలునేలకు సామాన్యముగా చెల్లిన ఈ పదము, కోటలు కట్టువారి చేతిలో పడి ప్రత్యేకార్థమును సంపాదించుకొన్నది.

పూర్వము కోటగోడ ఎంత ఎత్తైన అంత బలము. ఫిరంగులు వచ్చిన పిమ్మట ఎత్తైన గోడయే సులువైన గురి అయినది. అందుచేత ఐరోపా నిర్మాతలు గోడల ఎత్తు తగ్గించి, మందము పెంచి, ముందు అగడ్త త్రవ్విరి. అగడ్త అవతలి యొడ్డున మట్టి పోసి, బయటి పొలముల వైపునకు మెల్లగా వాలునట్లు చదును చేసిరి. అదియే గ్లాసిస్. ఆ మట్టి గోడను శత్రువు గుండ్లకు సూటిగా అందనీయదు. వాలెక్కి వచ్చు శత్రువునకు మాత్రము ఎచ్చటను చాటు దొరకదు. పదునాలుగవ లూయీ కొలువులోని వోబాన్ ఈ విద్యలో మిక్కిలి పేరొందినవాడు.

ఈ విద్యకు ఒక కఠిన నియమము కలదు. ఆ వాలుమీద గాని, దాని ముందు మైదానమున గాని చెట్టు ఉండరాదు, ఇల్లు ఉండరాదు. 1683లో తురుష్క సైన్యము వియన్నాను ముట్టడింప వచ్చినప్పుడు, నగర రక్షకులే వెలుపలి పేటలను తగులబెట్టిరి. ఆ నగరపు గోడ చుట్టు వెడల్పైన నేల చిరకాలము ఖాళీగా నిలిచినది. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి గోడలను తొలగింప ఆజ్ఞాపింపగా, ఆ చోటనే 1865లో రింగ్‌స్ట్రాసె అను రాజవీథి తెరువబడినది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 1639లో దామెర్ల నాయకుల వలన పొందిన నేలపై ఆంగ్ల వర్తకులు చెన్నపట్నమున సెయింట్ జార్జి కోటను కట్టిరి. దానికి ఉత్తరమున, గోడ చేరువనే, బ్లాక్ టౌను అను పేట పెరిగినది. తెలుగువారు, తమిళులు, వర్తకులు, నేతగాండ్రు, ద్విభాషీలు అందు కాపురముండిరి. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని, దాని సమీపమునగల ఇండ్లను పడగొట్టిరి. కోట మరల చేజిక్కిన తరువాత ఆంగ్లేయులును ఆ పనినే సాగించిరి. 1758 డిసెంబరులో లాలీ సేనాని ముట్టడికి వచ్చినప్పుడు, ఊరి ఇండ్లు శత్రువునకు చాటగుట వారు కన్నులార చూచిరి. 1759 ఫిబ్రవరిలో అతడు వెనుదిరిగిన పిమ్మట ఖాళీ నేలను ఇంకను విస్తరింపజేసిరి. పాత పేటలోని చెన్నకేశవస్వామి దేవాలయమును నిలువలేదు. తరువాత కొత్త పేటలో మరల నిర్మింపబడినది. ఖాళీ నేల ఇంతవరకు అని తెలుపుటకు 1773లో హద్దురాళ్లు నాటిరి. వానిలో ఒకటి పారీస్ కార్నర్ వద్ద నేటికిని కలదు. ఆ పాత పేట స్థలముననే 1892లో హైకోర్టు భవనము పూర్తియైనది. కలకత్తాలోను 1758లో కొత్త కోట మొదలుపెట్టినప్పుడు గోవిందపురమను గ్రామము లేచిపోయి, మైదానము వెలసినది.

కోటల కాలము గడచినను మాట గతింపలేదు. యుద్ధ టాంకు ముందువైపు వాలు ఉక్కుపలకకు ఆ పేరే. పర్వత పాదమున పరచుకొన్న వాలునేలను భూస్వరూప శాస్త్రజ్ఞులు అట్లే పిలుతురు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సోవియట్ రష్యాకు పడమటి వైపు అడ్డుగా నిలిచిన దేశములకును రాజకీయ వ్యాఖ్యాతలు ఈ పేరే పెట్టిరి. బలవంతునకు కవచమైన నేల అందు నివసించువారికి స్వేచ్ఛగా దక్కుట అరుదు. ఆ పోలికలో బ్లాక్ టౌను వారి అనుభవమే మరల వినబడుచున్నది.

నిఘంటువు చెప్పిన అర్థము తప్పు కాదు, గ్లాసిస్ వాలునేలయే. కాని పాత కోట పటములలో ఈ మాట వ్రాసియున్న తెల్లని చోటు కనబడినప్పుడు, అది ఎంత వాలినదో చూచి ఊరకుండరాదు. అంతకుముందు అచ్చట ఎవరి ముంగిళ్లు ఉండెనో కూడ విచారింపవలెను.